గోల్డెన్‌ఐ 007: ఆడే ముందు, ఆడుతూ, ఆడాక తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఫ్లాట్‌కి శనివారం సాయంత్రాలు వచ్చేవాళ్ళలో సగం మంది ఈ గేమ్ వచ్చాక పుట్టినవాళ్ళే. టీవీ ముందు నాలుగు కంట్రోలర్లు కనిపించగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఇది ఏ సినిమా, ఇప్పుడు ఆడొచ్చా, దీనికి ఇంత పేరెందుకు, బొమ్మలు ఇలా ఉన్నాయేంటి? కొందరు కొనే ముందు అడుగుతారు, కొందరు కొనేశాక ఫోన్ చేస్తారు. ప్రతిసారీ ఇవే డౌట్లు వస్తున్నాయని అన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్న కావాలంటే దానికే వెళ్ళండి, ప్రతి జవాబూ విడిగా చదివినా సరిపోతుంది.

## కొనే ముందు

అసలు ఇది ఏ గేమ్ అన్నా? ఏ సినిమా నుంచి తీశారు?

1995 నవంబర్‌లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా గోల్డెన్‌ఐ దీనికి ఆధారం. పియర్స్ బ్రాస్నన్ బాండ్‌గా చేసిన మొదటి సినిమా అది, దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్. గేమ్ 1997 ఆగస్టులో నింటెండో 64 అనే కన్సోల్ కోసం వచ్చింది. చేసింది రేర్ అనే కంపెనీ, ఇంగ్లండ్‌లో ట్వైక్రాస్ అనే చిన్న ఊళ్ళో. టీమ్‌ని నడిపించింది మార్టిన్ హాలిస్. టీమ్ చాలా చిన్నది, అందులో ఎక్కువమందికి అదే మొదటి గేమ్. 80 లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. కన్సోల్ మీద తుపాకీ గేమ్ సరిగ్గా కుదరదు, దానికి కంప్యూటర్, మౌస్ ఉండాల్సిందే అని గట్టిగా నమ్మే రోజుల్లో ఇది వచ్చింది.

సినిమా చూడకుండా ఆడితే అర్థమవుతుందా?

ఆడటానికి ఇబ్బందేమీ లేదు. ప్రతి మిషన్ ముందు ఒక ఫైల్ తెరుచుకుంటుంది. అందులో బాండ్ ఆఫీసువాళ్ళు ఎం, క్యూ, మనీపెన్నీ ముగ్గురూ చెప్పాల్సింది చెబుతారు. అది చదివితే ఎక్కడికి వెళ్ళాలో, ఎందుకో తెలుస్తుంది. అయినా ముందు సినిమా చూడమనే నా సలహా. 006 ట్రెవెల్యాన్ ఎవరు, అతనికి బాండ్ అంటే ఏమిటి అన్నది గేమ్ రెండు ముక్కల్లో చెప్పేసి వదిలేస్తుంది. సినిమా చూసినవాడికి స్టాచ్యూ పార్క్ లెవెల్లో చీకట్లో అతని కోసం నడవడంలో ఉన్న బరువు, చూడనివాడికి ఉండదు.

బెంగళూరులో ఇప్పుడు దీన్ని ఎలా ఆడొచ్చు?

మూడు దారులున్నాయి. మొదటిది ఎక్స్‌బాక్స్. 2023 జనవరి 27న, చందా కట్టి ఆడే గేమ్ పాస్‌లోకి వచ్చింది. రేర్ పాత గేమ్‌ల సంకలనం రేర్ రీప్లేని డిజిటల్‌గా కొన్నవాళ్ళకు కూడా ఇచ్చారు. డబ్బు కట్టే ముందు లిస్టులో ఇంకా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండోది నింటెండో స్విచ్. అదే రోజు స్విచ్ ఆన్‌లైన్‌లో వచ్చింది కానీ మామూలు ప్లాన్ చాలదు, ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ఉన్న ప్లానే కావాలి. మూడోది అసలు నింటెండో 64, అసలు క్యాసెట్. మొదటిసారి ఆడేవాళ్ళకు నేను ఎక్స్‌బాక్స్ చెబుతాను. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, రెండు స్టిక్‌ల కంట్రోల్స్ కొత్తగా అమర్చి ఇచ్చారు. గేమ్‌ని చరిత్రగా చూడాలనుకునేవాళ్ళకు మాత్రం మూడో దారే. ఆ మూడు కొమ్ముల కంట్రోలర్ చేతిలో ఉంటే తప్ప కొన్ని నిర్ణయాలు ఎందుకు తీసుకున్నారో అర్థం కాదు.

అమెరికా నుంచి వచ్చిన నింటెండో 64 దొరికింది. మన ప్లగ్‌లో పెట్టేయొచ్చా?

దయచేసి పెట్టొద్దు. ఈ జవాబు కోసమే ఈ పేజీ మొదలుపెట్టానన్నా తప్పు లేదు.

అమెరికా అడాప్టర్ 120 వోల్ట్‌లకు చేసింది, జపాన్‌ది 100 వోల్ట్‌లకు. మన గోడలో వచ్చేది 230. నేను మొదటి కన్సోల్ ఒక సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నప్పుడు ఆయన "అంతా ఓకే సార్, పిన్ కన్వర్టర్ పెట్టుకోండి చాలు" అన్నాడు. పిన్ కన్వర్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది, వోల్టేజీ మార్చదు. ఇంటికొచ్చి స్విచ్ వేశాను. టప్‌మని చిన్న చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన. ఎర్ర లైటు వెలగనే లేదు. కన్సోల్ బతికింది, అడాప్టర్ పోయింది. రెండూ పోయి ఉండొచ్చు.

చేయాల్సింది ఇది: ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి, 230 నుంచి 110కి తగ్గించేది. లేదంటే యూరప్ మోడల్ నింటెండో 64 అడాప్టర్ సంపాదించండి. ఆ అడాప్టర్ కన్సోల్ వెనక దూరే ఇటుకలా ఉంటుంది, అన్ని దేశాలదీ ఒకే ఆకారం, కన్సోల్‌కి ఇచ్చే కరెంటు కూడా ఒకటే. గోడ వైపు తీసుకునే వోల్టేజీ ఒక్కటే తేడా.

ఇంకో మాట. ఈ కన్సోల్‌కి హెచ్‌డీఎంఐ ఉండదు, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరే. కొత్త టీవీకి ఆ సాకెట్లు లేకపోతే కన్వర్టర్ డబ్బా కావాలి. చవక కన్వర్టర్‌తో బటన్ నొక్కిన కాసేపటికి గానీ తెర మీద తుపాకీ పేలదు. ఆ ఆలస్యాన్ని గేమ్ తప్పుగా లెక్కేయకండి.

పాత క్యాసెట్‌లో సేవ్ పోతుందా? బ్యాటరీ మార్చాలా?

అక్కర్లేదు. కొన్ని నింటెండో 64 క్యాసెట్లలో సేవ్ కోసం చిన్న బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే సేవ్ పోతుంది. దీంట్లో బ్యాటరీ అవసరం లేని చిప్ వాడారు. నాలుగు ఫైళ్ళు పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు పాత యజమాని ఫైళ్ళు కనిపిస్తే అది మంచి గుర్తు, చెరిపేయడానికి తొందరపడకండి. ఎవరో ఒకరు రాత్రుళ్ళు కూర్చుని గెలిచిన టైమింగులు అందులో ఉంటాయి. అమెరికా క్యాసెట్ యూరప్ కన్సోల్‌లో ఆడదు, అది మాత్రం చూసుకోండి.

2010లో వచ్చిన గోల్డెన్‌ఐ, ఇది ఒకటేనా?

కాదు. 2010లో యాక్టివిజన్ తరఫున యూరోకామ్ చేసింది వేరే గేమ్. మొదట వీ కన్సోల్ మీద, 2011లో రీలోడెడ్ అనే పేరుతో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. అందులో బాండ్ డేనియల్ క్రెయిగ్, కథని ఆ కాలానికి తగ్గట్టు తిరగరాశారు. చెడ్డ గేమేమీ కాదు. కానీ సెకండ్ హ్యాండ్‌లో పేరు చూసి కొనేసి, పాతది అనుకుని ఆడి, "ఇదేనా అంత గొప్ప?" అని అడిగినవాళ్ళు ఇప్పటికి నాకు ముగ్గురు తగిలారు.

పదేళ్ళ పిల్లాడు చూస్తుండగా ఆడొచ్చా అక్కా అని మా చెల్లి అడిగింది. ఏం చెప్పాలి?

అమెరికాలో దీనికి టీనేజ్ రేటింగ్ ఇచ్చారు, అంటే పదమూడు దాటినవాళ్ళకు. రక్తం చిమ్మడం, అవయవాలు తెగడం లాంటివి లేవు. చొక్కా మీద ఎర్ర మరక కనిపిస్తుంది. కానీ ఎదుటివాడికి చేతికి తగిలితే చెయ్యి విదిలిస్తాడు, కాలికి తగిలితే కుంటుతాడు, మెడ పట్టుకుని ఒరిగేవాడూ ఉంటాడు. మనిషిని కాల్చినట్టే ఉంటుంది. ఇది గేమ్ చేసేటప్పుడే చర్చకు వచ్చింది. దగ్గర నుంచి చంపడం మరీ ఎక్కువగా ఉందని, ఆఖర్న బాండ్ ఆస్పత్రికి వెళ్ళి శత్రువులందరితో చేతులు కలిపితే బాగుంటుందని నింటెండో నుంచి మారియో సృష్టికర్త మియామోటో ఫ్యాక్స్ పంపారని మార్టిన్ హాలిస్ 2015లో చెప్పారు. అలా చేయలేదు గానీ చివర్లో సినిమాలోలాగా ఒక్కో పాత్రనూ పరిచయం చేసే వరస పెట్టారు, ఇదంతా సినిమాయే అని గుర్తు చేయడానికి. పదేళ్ళ పిల్లాడికి నేనైతే ఇవ్వను. పన్నెండు, పదమూడు వస్తే పక్కన కూర్చుని ఆడిస్తాను.

## మొదటి గంట

కంట్రోల్స్ చేతికి రావట్లేదు. తప్పు నాదా, గేమ్‌దా?

ఇద్దరిదీ కాదు, కాలానిది. నింటెండో 64 కంట్రోలర్‌కి ఉన్నది ఒకటే స్టిక్. మామూలు సెట్టింగ్‌లో ఆ స్టిక్ ముందుకీ వెనక్కీ నడిపిస్తుంది, అటూ ఇటూ తిప్పుతుంది. పక్కకి జరగడానికి, పైకీ కిందకీ చూడటానికి పసుపు రంగు సీ బటన్లు. ఇప్పటి గేమ్‌లు ఎడమ బొటనవేలితో నడిచి కుడి బొటనవేలితో చూడటం నేర్పాయి, అందుకే వేళ్ళు తికమకపడతాయి.

పాజ్ నొక్కితే వచ్చే కంట్రోల్స్ పేజీలో 1.2 సాలిటేర్ అనేది ఎంచుకోండి. అందులో సీ బటన్లతో నడక, స్టిక్‌తో చూపు. ఇప్పటి పద్ధతికి అదే దగ్గర. పైకి నొక్కితే కిందకి చూస్తుంటే లుక్ అప్ డౌన్ అన్నచోట రివర్స్ తీసేసి అప్‌రైట్ పెట్టండి. స్విచ్‌లో ఆడేవాళ్ళు 1.2 పెట్టాక కన్సోల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రెండు స్టిక్‌లనూ తారుమారు చేసుకుంటే చూపు కుడి బొటనవేలికి వస్తుంది.

ఒక ఆశ్చర్యం కూడా ఉంది. ఒక్కడే రెండు కంట్రోలర్లు చెరో చేత్తో పట్టుకుని ఆడే సెట్టింగ్‌లు 1997లోనే ఇందులో పెట్టారు. రెండు స్టిక్‌ల షూటర్‌ని, రెండు స్టిక్‌లు లేని కన్సోల్ మీద ఊహించారు. గంటసేపు ఓపిక పట్టండి. గంట తర్వాత కూడా చిరాకుగా ఉంటే అది నిజమైన అభిప్రాయమే, మొహమాటపడకండి.

గ్రాఫిక్స్ చూసి పక్కన పెట్టేయాలనిపించింది. దీన్ని ఏ కొలతతో చూడాలి?

ముఖాల వైపు చూస్తే నిజంగానే పాతబడింది. ఫొటోని డబ్బాకి అతికించినట్టు ఉంటుంది. వేళ్ళు విడివిడిగా ఉండవు. దూరమంతా పొగమంచు. మొత్తం గేమ్ 12 మెగాబైట్ల క్యాసెట్‌లో పట్టింది, అంటే మన ఫోన్‌లో మూడు నాలుగు ఫొటోలంత.

నేను చూసే కొలత వేరు: ఎదురుగా ఉన్నది ఏమిటో, నేను చేసిన పనికి అది ఏమైందో తెర చెబుతోందా? ఆ లెక్కన ఇది ఇప్పటికీ గట్టిగానే నిలబడుతుంది. గోడని కాలిస్తే గుంట పడుతుంది. అద్దం పగులుతుంది. కుర్చీ, కంప్యూటర్, పెట్టె అన్నీ పేలతాయి. సైనికుడి టోపీని కాలిస్తే టోపీ ఒక్కటే ఎగిరిపోతుంది, వాడు బతికే ఉంటాడు. మొదటిసారి అది జరిగినప్పుడు మా గదిలో ఇద్దరు ఒకేసారి లేచి నిలబడ్డారు.

ఏ డిఫికల్టీతో మొదలుపెట్టాలి?

అన్నిటికంటే తేలికైన ఏజెంట్‌తో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆపేసి తీర్పు చెప్పకండి. ఇక్కడ డిఫికల్టీ అంటే శత్రువుల దెబ్బ గట్టిగా తగలడం ఒక్కటే కాదు, చేయాల్సిన పనులే పెరుగుతాయి. మొదటి మిషన్ డ్యామ్ తీసుకోండి. ఏజెంట్‌లో పని ఒకటే, ఆనకట్ట మీది నుంచి తాడు కట్టుకుని దూకడం. మూడింటిలో కష్టమైన 00 ఏజెంట్‌లో నాలుగు పనులు: అలారాలన్నీ పగలగొట్టాలి, రహస్యంగా మోడెమ్ బిగించాలి, డేటా కాజేయాలి, ఆ తర్వాతే దూకాలి. అదే ఆనకట్ట, అవే మెట్లు, కానీ మొదటిసారి పరిగెత్తి దాటేసిన గదులన్నీ ఇప్పుడు అవసరమవుతాయి. ఒకే లెవెల్లో రకరకాల పనులు పెట్టే ఈ ఆలోచన సూపర్ మారియో 64 చూసి వచ్చిందని హాలిస్ చెప్పారు. ఏజెంట్‌లో పూర్తిచేసినవాడు గేమ్‌లో మూడో వంతే చూసినట్టు.

లైఫ్ ఎందుకు తిరిగి నిండట్లేదు?

నిండదు. కాసేపు గోడ చాటున నిలబడితే కోలుకునే పద్ధతి తర్వాతి గేమ్‌లది. ఇక్కడ మందు డబ్బాలు కూడా లేవు. దొరికేది బుల్లెట్‌ప్రూఫ్ కవచం ఒక్కటే, అదీ కొన్నిచోట్లే. పాజ్ నొక్కితే బాండ్ చెయ్యెత్తి గడియారం చూసుకుంటాడు. అందులో ఒకవైపు లైఫ్, ఇంకోవైపు కవచం వంపు గీతలుగా కనిపిస్తాయి. మెనూ కోసం సినిమాలోంచి బయటికి రానక్కర్లేకుండా మెనూనే చేతి గడియారం చేశారు. మిషన్ మొదట్లో తగిలిన ఒక్క బుల్లెట్ చివరిదాకా మీతోనే ఉంటుంది. అందుకే తలుపు తీసే ముందు ఆగడం అలవాటవుతుంది.

## మిషన్లలోకి దిగాక

గూఢచారి గేమ్ అన్నారు, కాల్చడమే కదా ఉంది?

కాల్చుకుంటూ పోతే కాల్చడమే ఉంటుంది, నిజమే. కానీ ఒక్కసారి ఇలా చేసి చూడండి. సైలెన్సర్ ఉన్న పీపీ7 పిస్తోలు ఒక్కటే వాడండి. ఆర్ బటన్ పట్టుకుని గురి చూసి ఒకటే గుండు. పక్క గదిలోవాడికి తెలియదు. అదే చోట కేఎఫ్7 రైఫిల్‌తో దడదడలాడించండి, చప్పుడు విన్నవాళ్ళంతా తలుపులు తోసుకుని వచ్చేస్తారు. కొందరు మీ మీదకి రారు, అలారం బటన్ వైపు పరిగెత్తుతారు. వాణ్ణి ఆపాలా, ఎదురుగా కాలుస్తున్నవాణ్ణి ఆపాలా అన్నది అర సెకనులో తేల్చుకోవాలి. సీసీ కెమెరా కంట పడినా అంతే.

గుండు శరీరంలో ఎక్కడ తగిలిందో దాన్నిబట్టి మనిషి స్పందించడం అన్నది వర్చువా కాప్ అనే ఆర్కేడ్ గేమ్ నుంచి తీసుకున్నారు. మొదట్లో ఈ గేమ్ కూడా దానిలాగే పట్టాల మీద నడిచేలా ఉంటుందనుకున్నారు. ఆ పట్టాలు తీసేసి, నడక మన చేతికి ఇచ్చాక, గురి ముఖ్యమన్న ఆ పాఠం మాత్రం మిగిలింది. అందుకే ఇది విచ్చలవిడిగా కాల్చేవాణ్ణి శిక్షిస్తుంది, ఒక్క గుండుతో పని ముగించేవాణ్ణి ముందుకు పంపుతుంది. గూఢచారి సినిమా గేమ్‌కి ఇంతకంటే సరైన నియమం నాకు తట్టలేదు.

ఫెసిలిటీ లెవెల్ గురించి అందరూ అంతలా ఎందుకు చెబుతారు?

మొదటి నిమిషం వివరంగా చెబుతాను. ఆట మొదలయ్యేసరికి మీరు గాలి గొట్టంలో ఉంటారు. ఇరుకు, బూడిద రంగు రేకులు. మెల్లగా ముందుకు జరిగితే కాళ్ళ కింద ఒక కన్నం, దాని కింద టాయిలెట్. లోపల సైనికుడు, వాడికి మీ ఊసే తెలియదు. కిందకి చూసి కాల్చొచ్చు, దిగి కాల్చొచ్చు, దిగి మెల్లగా తలుపు తీసుకుని వెళ్ళొచ్చు. బయట వరసగా టాయిలెట్ గదుల తలుపులు. ఏ తలుపు వెనక మనిషి ఉన్నాడో తెలియదు.

సినిమాలో ఈ టాయిలెట్ ఒక చిన్న సరదా ముక్క, అంతే. గేమ్ దాన్ని మీ మొదటి నిర్ణయంగా మార్చింది. అక్కడి నుంచి మెట్లు, ల్యాబ్‌లు, తెల్లకోటు సైంటిస్టులు, గ్యాస్ ట్యాంకుల హాలు. 00 ఏజెంట్‌లో డాక్టర్ డోక్ అనే సైంటిస్టుని వెతకాలి, ఆయన ప్రతిసారీ ఒకేచోట ఉండడు. ఆ పేరు గేమ్ చేసిన డేవిడ్ డోక్‌దే. ఈ మిషన్‌ని 00 ఏజెంట్‌లో 2 నిమిషాల 5 సెకన్లలో ముగిస్తే దెబ్బ తగలని చీట్ తెరుచుకుంటుంది. డోక్ దగ్గరలో కనిపిస్తే తప్ప అది కుదరని పని, దాని కోసం మావాడొకడు రెండు ఆదివారాలు కూర్చున్నాడు.

కొన్ని గదుల్లో ఏమీ లేదు. ఊరికే ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు గౌరవం, ఎందుకంటే గేమ్ గుట్టు అక్కడే ఉంది. లెవెల్స్ గీసినవాళ్ళు చాలాచోట్ల ఆటగాడు ఎక్కడ మొదలవుతాడు, ఎక్కడ ముగిస్తాడు అన్నది పెట్టుకోకుండా ముందు కట్టడాన్ని కట్టేశారు. టీమ్ సినిమా సెట్స్‌కి వెళ్ళి ఫొటోలు తీసుకొచ్చింది, వాటిని చూసి గదులు, కారిడార్లు, మెట్లు కట్టారు. శత్రువులు, తాళాలు, పనులు ఆ తర్వాత వచ్చాయి. అందుకే కొన్ని గదులు ఖాళీ, కొన్ని దారులు ఎక్కడికీ పోవు.

నిజమైన భవనం కూడా అలాగే ఉంటుంది కదా. మన ఐటీ పార్కుల్లో ఫైర్ ఎగ్జిట్ మెట్లు, సర్వర్ గది, ఎవరూ వాడని స్టోర్‌రూమ్ ఉన్నట్టే. ప్రతి గదిలోనూ ఏదో ఒక బహుమతి పెట్టిన లెవెల్లో, ఇది నా కోసం కట్టిన బొమ్మరిల్లు అని తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం పరాయి చోటికి దొంగతనంగా వచ్చాననిపిస్తుంది. నా దృష్టిలో ఈ గేమ్ గొప్పతనం తుపాకుల్లో లేదు, ఈ ఖాళీ గదుల్లో ఉంది.

సినిమాలో లేని మిషన్లు ఉన్నాయి. అది మోసం కాదా?

కాదు. రెండు గంటల పది నిమిషాల సినిమాలో బాండ్ తుపాకీ పట్టుకుని తిరిగే చోట్లు చాలా తక్కువ. కథ ప్రకారం ఉన్న 18 మిషన్లకు అవి చాలవు. అందుకే సినిమాలో బాండ్ వెళ్ళని సెవెర్నయా బంకర్‌కి గేమ్‌లో రెండుసార్లు పంపారు, క్షిపణి సైలో కొత్తగా పెట్టారు. సినిమాలో కనిపించే చోటుని తీసుకుని, అక్కడ బాండ్‌కి ఏం పని ఉండొచ్చు అని ఆలోచించారు. అలా కలిపినవాటిలో సైలో నాకు అంత నచ్చదు, ఒకే రకం కారిడార్లు. మంచులో నడిచే సర్ఫేస్ మాత్రం చాలా ఇష్టం.

వీటికి తోడు రెండు బోనస్ మిషన్లు, ఆజ్‌టెక్, ఈజిప్షియన్. అవి వేరే బాండ్ సినిమాల జ్ఞాపకాలతో చేసినవి, కష్టపడి గెలిచినవాళ్ళకే దొరుకుతాయి.

నటాల్యా అడ్డం వచ్చి చచ్చిపోతోంది. ఏం చేయాలి?

నటాల్యా ఈ కథలో హీరోయిన్. కంట్రోల్ మిషన్‌లో ఆమె కంప్యూటర్ దగ్గర పని చేస్తుంటే చుట్టూ శత్రువులు దూకుతారు. ఆమె కదలదు, మీరే కదలాలి. ముందే చుట్టూ తిరిగి కనిపించినవాళ్ళను తగ్గించి ఉంచుకోండి, ఆమెకూ శత్రువులకూ మధ్య నిలబడండి, పేలుడు సామాన్లు దగ్గర్లో వాడకండి. ఇది గేమ్‌లో బలహీనమైన భాగమే. మనతో వచ్చే మనిషిని నడిపించే తెలివి అప్పటికి ఇంకా కుదరలేదు. రివ్యూ రాస్తే ఈ మాట తప్పకుండా రాయండి.

## నలుగురూ కూర్చున్నాక

ఒకే టీవీలో నలుగురా? పక్కవాడి ముక్క చూస్తే అది దొంగాట కాదా?

తెర నాలుగు ముక్కలవుతుంది, ఎవరి ముక్క వాళ్ళది. పక్క ముక్క కంటపడకుండా ఉండదు. మా ఇంట్లో అది ఆటలో భాగమే. అందరికీ అందరూ కనిపిస్తారు కాబట్టి గోడ వైపు తిరిగి నిలబడి తమ చోటు తెలియకుండా దాచుకునేవాళ్ళు తయారయ్యారు. ఈ మల్టీప్లేయర్ మొదటి ప్లాన్‌లో లేనే లేదు. విడుదలకు ఆరు నెలల ముందు స్టీవ్ ఎల్లిస్ దాని మీద కూర్చున్నాడు. చివర్లో చేర్చిన ఆ భాగమే చాలామందికి గేమ్ మొత్తంగా గుర్తుండిపోయింది.

ఆడ్‌జాబ్‌ని తీసుకోవద్దంటారేం?

నలుగురి ఆటలో ఎంచుకోగల పాత్రల్లో అతను పొట్టి. గేమ్ తనంతట తాను పెట్టే గురి మామూలు మనిషి ఛాతీ ఎత్తుకి ఉంటుంది, ఆడ్‌జాబ్ దాని కిందుగా తప్పించుకుంటాడు. కొట్టాలంటే ప్రతిసారీ ఆగి కిందకి గురిపెట్టాలి, ఈలోపు వాడు కొట్టేస్తాడు. అందుకే చాలా ఇళ్ళలో అతన్ని తీసుకోకూడదని పట్టు. కొత్తగా నేర్చుకునే చిన్నవాళ్ళకు ఇవ్వండి, బలం సమానమవుతుంది. మా ఫ్లాట్‌లో అదే రూల్.

బాంబులు పేలగానే ఆట నెమ్మదిస్తోంది. కన్సోల్ పాడైందా?

లేదు. అసలు నింటెండో 64 మీద ఎప్పుడూ అంతే. నలుగురు, పైగా వరసగా పేలుళ్ళు అంటే ఆ యంత్రం మోయలేదు, బొమ్మలు ఒక్కొక్కటిగా కదులుతాయి. 2023లో వచ్చిన ఎక్స్‌బాక్స్ రూపంలో ఈ బాధ చాలా తగ్గింది.

ఊళ్ళో ఉన్న తమ్ముడితో ఆన్‌లైన్‌లో ఆడొచ్చా?

స్విచ్‌లో ఆడొచ్చు, ఇద్దరికీ ఎక్స్‌పాన్షన్ ప్యాక్ ప్లాన్ ఉండాలి. ఎక్స్‌బాక్స్‌లో ఆన్‌లైన్ లేదు, ఒకే గదిలో ఒకే టీవీ ముందే. మీ అవసరం ఇదే అయితే కొనే ముందే తేల్చుకోండి.

## రివ్యూ రాసేటప్పుడు

సినిమాకి ఎంత దగ్గరగా ఉందో చూడాలా, గేమ్‌గా ఎంత బాగుందో చూడాలా?

నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: సినిమాలో హీరో చేసిన పనిలో, నిర్ణయం నా చేతికి వచ్చిందా? డైలాగులు అవే ఉన్నాయా, ముఖాలు కలిశాయా అన్నది రెండో విషయం. రైలు మిషన్ చూడండి. సినిమాలో బాండ్ గడియారంలోని లేజర్‌తో బోగీ నేల కోసి తప్పించుకుంటాడు. గేమ్‌లో ఆ లేజర్ మీ చేతికే ఉంటుంది, టైమ్ తరిగిపోతుంటుంది, పక్కన నటాల్యా కంప్యూటర్ ముందు ఉంటుంది. సినిమాలో పడిన టెన్షన్ ఇక్కడ వేళ్ళలోకి దిగుతుంది. అదే రన్‌వే మిషన్‌లో, సినిమాలో విమానం వెంట లోయలోకి దూకే ఘట్టం పోయి, తాళం చెవి వెతికి విమానం ఎక్కడమే మిగిలింది. అక్కడ గేమ్ ఓడిపోయింది. ఇలా ఒక్కో ఘట్టం పక్కపక్కన పెట్టి రాస్తే రివ్యూకి బలం వస్తుంది.

చాలా సినిమా గేమ్‌లు తేలిపోతాయి కదా, ఇది ఎలా నిలబడింది?

పెద్ద కారణం టైమ్. సినిమా గేమ్‌ని సాధారణంగా సినిమా విడుదల తేదీకి కట్టేస్తారు. సగం ఉడికినా వడ్డించాల్సిందే. ఇది సినిమా వచ్చిన దాదాపు 21 నెలలకు వచ్చింది. ఈలోపు సినిమా థియేటర్లు దాటి వీడియో క్యాసెట్లలోకి వచ్చేసింది. ఆ ఆలస్యానికి ఎవరో ఒప్పుకోబట్టే ఈ గేమ్ ఇలా ఉంది. అందుకే కొత్త సినిమా గేమ్ ఏది వచ్చినా ముందు విడుదల తేదీ చూడండి.

పాత గేమ్‌కి ఇప్పుడు మార్కులు ఎలా వేయాలి?

రెండు లెక్కలు విడివిడిగా రాయండి. అప్పట్లో ఏం కొత్తగా తెచ్చింది అన్నది ఒకటి. 1998లో మొదటిసారి ఇచ్చిన అమెరికా ఇంటరాక్టివ్ అవార్డుల్లో ఆ ఏడాది అత్యుత్తమ గేమ్‌గా నిలిచింది, అది ఊరికే రాలేదు. ఇవాళ రాత్రి ఆడితే ఎలా ఉంటుంది అన్నది ఇంకొకటి. రెండూ కలిపి ఒకే అంకె వేస్తే ఎవరికీ ఉపయోగపడదు. నా వరకు ఇవాళ్టి లెక్కలో కంట్రోల్స్‌కి తక్కువ వేస్తాను, నటాల్యాకి ఇంకా తక్కువ. శత్రువుల స్పందనకి, లెవెల్స్‌కి ఎక్కువ వేస్తాను, మొహమాటం లేకుండా.

ఎంతసేపు ఆడాక అభిప్రాయం చెప్పొచ్చు?

ఫెసిలిటీని మూడు డిఫికల్టీల్లోనూ పూర్తిచేయండి, ఒక సాయంత్రం మరో ముగ్గురితో ఆడండి, ఆఖరి మిషన్ క్రేడిల్ చూడండి. క్రేడిల్ ఆకాశంలో వేలాడే పెద్ద యాంటెన్నా మీద జరుగుతుంది. సినిమాలో ఆ దృశ్యాలు తీసింది ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోప్ దగ్గర, 305 మీటర్ల పళ్ళెం అది. 2020 డిసెంబర్ 1న ఆ యాంటెన్నా కూలి పళ్ళెం మీద పడింది. ఇప్పుడు అక్కడ నడవడం ఎవరికీ కుదరదు. గేమ్‌లో మాత్రం కింద లోతు కనిపించే ఆ సన్నటి ఇనుప దారుల మీద ట్రెవెల్యాన్ వెనక పరిగెత్తొచ్చు. అక్కడ అంచున ఆగి ఒకసారి కిందకి చూడండి, ఆ తర్వాత రాయడం మొదలుపెట్టండి.